రైల్వే జీతం మీద నిలిచిన ఆట

మహిళా క్రికెటర్లకు బీసీసీఐ తొలిసారి వార్షిక కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో. ఏ గ్రేడుకు ఏడాదికి 15 లక్షలు, బీ గ్రేడుకు 10 లక్షలు. అప్పటికి మిథాలీ రాజ్ భారత జట్టులోకి వచ్చి పదహారేళ్ళయింది. సికింద్రాబాద్‌లో ఆట నేర్చిన ఆ అమ్మాయి 1999 జూన్‌లో, పదహారేళ్ళ వయసులో, ఐర్లాండ్ మీద తొలి వన్డేలోనే 114 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. 2002లో టాంటన్ టెస్టులో ఇంగ్లండ్ మీద 214 కొట్టింది. మహిళల టెస్టుల్లో అప్పటికి అంతకు మించిన స్కోరు లేదు. 2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్‌కు జట్టును నడిపించింది. ఆ ప్రపంచకప్‌లో మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున ముట్టిందని తరువాత ఆమే చెప్పింది. అంటే ఆ డబ్బుతో ఎవరూ బతకలేదు. మరి ఈ పదహారేళ్ళూ ఆమె దేనిమీద ఆధారపడి ఆడింది? మన మహిళా క్రికెట్ చరిత్ర రాసేవాళ్ళు ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేసి, కష్టాల కథ నుంచి నేరుగా మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలంపాటకు దూకుతుంటారు. నడుమ ఉన్నది నెలనెలా వచ్చే సర్కారు జీతం. ఈ దేశంలో ఆడపిల్ల క్రికెట్‌ను వృత్తిగా చేసుకోగలిగిందంటే మొదటి కారణం కాంట్రాక్టూ కాదు, లీగూ కాదు. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం, అందులోనూ ముఖ్యంగా రైల్వే ఉద్యోగం.

అంతకు ముందటి పరిస్థితి చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. భారత మహిళా క్రికెట్ సంఘం 1973లో పుట్టింది. ఆ ఏడాది పుణేలో జరిగిన తొలి జాతీయ పోటీకి వచ్చినవి మూడే జట్లు: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. మూడేళ్ళు తిరిగేసరికి, 1976లో, శాంతా రంగస్వామి సారథ్యంలో వెస్టిండీస్‌తో సొంతగడ్డ మీద టెస్టులు ఆడి, పాట్నాలో తొలి విజయం కూడా సాధించారు. 1978 ప్రపంచకప్‌కు మన దేశమే వేదిక. ఆస్ట్రేలియా ఇంగ్లండ్‌ను ఓడించి కప్పు గెలిచిన మ్యాచ్ జరిగింది హైదరాబాద్‌లోనే. ఆట ఇంత వేగంగా ఎదిగినా ఆడేవాళ్ళ చేతిలో పైసా లేదు. 1982లో న్యూజిలాండ్ ప్రపంచకప్‌కు వెళ్ళాలంటే తలా పదివేలు తెచ్చుకోమన్నారు. దేశం తరఫున ఆడటానికి ఎదురు డబ్బు కట్టడమన్నమాట! ఇంట్లో కలిమి ఉన్నవాళ్ళో, దాతలు దొరికినవాళ్ళో ఎన్నేళ్ళయినా ఆడతారు. తక్కినవాళ్ళకు పెళ్ళో, ఉద్యోగమో ముంచుకొచ్చిన రోజున ఆట ముగిసేది. శాంతా రంగస్వామికి కెనరా బ్యాంకు ఉద్యోగం ఉండేది. అలాంటి ఆసరా అందరికీ దొరకలేదు.

ఈ చిక్కును విప్పింది క్రికెటర్ డయానా ఎదుల్జీ. పశ్చిమ రైల్వేలో ఉద్యోగి అయిన ఆమె 1980ల నడుమ అధికారుల వెంటపడి, పురుషులకు ఉన్నట్టే మహిళలకూ రైల్వే క్రికెట్ జట్టు పెట్టించింది. మైదానంలో పడగొట్టిన వికెట్ల కంటే ఈ పనే ఆమె పెద్ద గెలుపని నాకనిపిస్తుంది. ఆ ఏర్పాటు పెద్ద విడ్డూరమేమీ కాదు. రాష్ట్రానికో, దేశానికో ఆడిన అమ్మాయిని స్పోర్ట్స్ కోటాలో క్లర్కుగానో, టికెట్ కలెక్టర్‌గానో తీసుకుంటారు. పోటీలకూ శిబిరాలకూ వెళ్ళిన రోజులు డ్యూటీ కిందే లెక్క. జీతంతో పాటు ప్రయాణానికి పాసు, జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి, బాగా ఆడితే ప్రమోషన్. కాలు విరిగినా, ఫామ్ పోయినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది. మధ్యతరగతి ఇంట్లో కూతురు ఎండలో బంతి వెంట పరుగెత్తడానికి తండ్రిని ఒప్పించగల మాట ఒక్కటే ఉంది: దీనివల్ల ఉద్యోగం వస్తుంది. ఎయిరిండియా కూడా కొంత కాలం ఈ పని చేసింది. ఝులన్ గోస్వామి, పూర్ణిమా రావు, తొలిరోజుల్లో మిథాలీ అందులో ఆడినవాళ్ళే. అయితే అన్ని జోన్లలో కొలువులున్న సంస్థ రైల్వే. మిథాలీ కూడా తరువాత రైల్వేస్‌కే వచ్చింది.

ఇది వృత్తి ఎలా అవుతుంది, ఆఫీసులో పనిచేస్తూ తీరిక వేళ ఆడటమే కదా అని ఒక అభ్యంతరం ఉంది. కాని ఆ ఉద్యోగం వచ్చిందే ఆట వల్ల, నిలిచిందీ పెరిగిందీ ఆట వల్లే. జీతం దేనికిస్తున్నారో ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ తెలుసు. మగవాళ్ళ క్రికెట్ కూడా ఈ దారినే వచ్చింది: అజిత్ వాడేకర్‌ది స్టేట్ బ్యాంకు, గవాస్కర్‌ది నిర్లాన్ కంపెనీ. వాళ్ళను ఎవరూ తీరిక ఆటగాళ్ళనలేదు. టీవీ డబ్బు వచ్చాక పురుషుల్లో ఈ ఉద్యోగాల ప్రాధాన్యం సన్నగిల్లింది. ఆడవాళ్ళకు ఆ డబ్బు చేరడానికి మరో ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ లోటును పూడ్చినది రైల్వే పద్దు.

ఇంతకంటే గట్టి విమర్శ ఇంకోటుంది. రైల్వే మంచి ఆటగత్తెలందరినీ తనలోకి లాగేసుకుని రాష్ట్రాలను ఖాళీ చేసిందని. ఇది నిజం. బీసీసీఐ కింద 2006-07లో మొదలైన సీనియర్ వన్డే పోటీల్లో 2017-18 వరకు ఒక్క 2011-12లో ఢిల్లీ గెలిచింది, మిగతావన్నీ రైల్వేస్‌వే. సికింద్రాబాద్‌లో తయారైన మిథాలీ ఉత్తమ సంవత్సరాలు హైదరాబాద్ జట్టుకు దక్కలేదు. విజయవాడ అమ్మాయి సబ్బినేని మేఘన కూడా రైల్వేస్‌కే ఆడింది. ఉద్యోగంతో పాటు కట్టుబాట్లూ వచ్చాయి: 2017లో పంజాబ్ ప్రభుత్వం హర్మన్‌ప్రీత్ కౌర్‌కు డీఎస్పీ పదవి ఇస్తానంటే రైల్వేలో పనిచేస్తానని రాసిచ్చిన బాండు అడ్డుపడి, వదిలించుకోవడానికి నెలలు పట్టింది. అయినా తప్పు రైల్వేదే అనడం సరికాదు. రాష్ట్ర సంఘాలు ఒక్క అమ్మాయికైనా నెలజీతం ఇచ్చి ఉంటే ఆమె ఊరు వదిలేది కాదు. ఖాళీ చేసిందంటున్న ఆ రాష్ట్రాల్లో, రైల్వే లేకపోతే, ఆ అమ్మాయిల్లో చాలామంది ఇరవై రెండేళ్ళకే ఆట మానేసి ఉండేవారు.

2006లో మహిళా క్రికెట్ సంఘం బీసీసీఐలో విలీనం కావడంతో దశ తిరిగిందన్న వాదనకూ సాక్ష్యం బలహీనమే. మైదానాలు, హోటళ్ళు మెరుగయ్యాయి, సందేహం లేదు. కాని ఆ ఏడాది ఆగస్టు తరువాత మన మహిళలు మళ్ళీ టెస్టు ఆడింది 2014 ఆగస్టులో. ఎనిమిదేళ్ళు! ఇరవై మూడేళ్ళ కెరీర్‌లో మిథాలీ ఆడిన టెస్టులు పన్నెండే. విలీనానికీ కాంట్రాక్టులకూ మధ్య కూడా తొమ్మిదేళ్ళున్నాయి. ఆ తొమ్మిదేళ్ళూ జట్టు చెదరకుండా ఉన్నది బోర్డు దయవల్ల కాదు.

2017 ప్రపంచకప్ ఫైనల్ లార్డ్స్‌లో ఓడినా, దాని తరువాతే లెక్కలు మారాయి. 2018లో పై గ్రేడు కాంట్రాక్టు 50 లక్షలైంది. 2022లో మ్యాచ్ ఫీజు పురుషులతో సమానం చేశారు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. 2023లో మొదలైన డబ్ల్యూపీఎల్ వేలంలో స్మృతి మంధానకు 3.4 కోట్లు పలికాయి. ఇప్పుడు రైల్వేను వదిలి వెళ్ళేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. హైదరాబాద్ పేసర్ అరుంధతీ రెడ్డి భారత జట్టులో చోటు పోయాక 2023లో రైల్వేస్ వదిలి కేరళకు మారి, మరుసటి ఏడాది మళ్ళీ భారత జట్టులోకి వచ్చింది. పదేళ్ళ కిందట ఇలాంటి నిర్ణయాన్ని ఇంట్లోవాళ్ళు పిచ్చితనమనేవారు.

అలాగని ఉద్యోగం విలువ తీరిపోలేదు. లీగులో జట్లు ఐదే; కాంట్రాక్టులు కొద్దిమందికే. దేశవాళీ పోటీల్లో ఆడే వందలాది అమ్మాయిలకు స్పోర్ట్స్ కోటాయే ఇప్పటికీ దిక్కు. పైస్థాయిలోనూ ఆ భాష మారలేదు. 2025 నవంబరులో నవీ ముంబైలో మన జట్టు ప్రపంచకప్ గెలిచాక రైల్వే తన ఉద్యోగులైన ప్రతీకా రావల్, రేణుకా సింగ్, స్నేహ్ రాణాలకు ప్రమోషన్లు ఇచ్చింది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, ఇంటి స్థలం ప్రకటించింది. వాటితో పాటే గ్రూప్-1 ఉద్యోగం కూడా. అదే నెలలో జరిగిన వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 1.3 కోట్లకు తీసుకుంది.