లాయక్ అలీ విదేశాంగ విధానం (1947–48)

మీర్ లాయక్ అలీ హైదరాబాద్ సంస్థానపు చివరి ప్రధాని. ఆ పదవి అధికార నామం 'కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు'. ఉర్దూలో సదరే ఆజం.

1947 ఆగస్టు 15 వరకు సంస్థానానికి సొంత విదేశాంగం లేదు. ఆ వ్యవహారాలన్నీ బ్రిటిష్ ప్రభుత్వమే చూసేది. నవంబరు 29న ఢిల్లీతో కుదిరిన యథాతథ ఒడంబడిక విదేశీ వ్యవహారాలను భారతదేశానికే అప్పగించింది. ఆ రోజుల్లోనే ఛత్తారీ నవాబు స్థానంలోకి లాయక్ అలీ వచ్చాడు. వృత్తికి ఇంజనీరు, సిర్పూరు కాగితపు మిల్లుతో సంబంధమున్న పారిశ్రామికవేత్త. కొద్ది వారాల ముందే జిన్నా తరఫున అప్పు కోసం అమెరికా వెళ్లివచ్చినవాడు. ఒడంబడికను ఆయన గడువు సంపాదించుకునే కాగితంగానే చూశాడనిపిస్తుంది. పాకిస్తాన్‌కు భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చారు. కరాచీలో ప్రతినిధిని పెట్టారు. ఢిల్లీ దీన్ని ఒడంబడిక ఉల్లంఘన అంది.

అసలు చిక్కు భూగోళంలో ఉంది. సంస్థానానికి సముద్రతీరం లేదు. 1874లో వేసిన వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగానే బొంబాయి దారి పట్టేది. సరిహద్దు దాటితే పట్టాలు భారతదేశానివి. సరుకుల రాక బిగుసుకోగానే మిగిలిన దారి ఆకాశం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి బీదరు, వరంగల్ విమానాశ్రయాలకు రాత్రిపూట ఆయుధాలు చేరవేశాడు.

1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ చివరి ఒప్పంద ముసాయిదాకు నిజాం ఒప్పుకోలేదు. ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్లింది. దాన్ని వినిపించడానికి హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్ బృందం పారిస్ చేరింది. భద్రతామండలి సెప్టెంబరు 16న విషయం చేపట్టేసరికి భారత సైన్యం లోపలికి వచ్చి మూడు రోజులైంది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, మర్నాడు సంస్థాన సైన్యం లొంగిపోయింది. 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు నిజాం తంతి పంపాడు. యుద్ధకాలపు అధ్యక్షుడిగా లాయక్ అలీ ప్రభావం పెద్దదే, కానీ అది ఢిల్లీతో రాజీ దారులు మూయడానికే ఎక్కువగా పనికొచ్చింది.

గృహనిర్బంధం నుంచి తప్పించుకుని ఆయన 1950 మార్చిలో పాకిస్తాన్ చేరాడు. 1948 సెప్టెంబరులోనే లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లిన సంస్థానపు పది లక్షల పౌండ్లు వడ్డీతో మూడున్నర కోట్లయ్యాయి. అవి భారతదేశానికి, నిజాం వారసులకు చెందుతాయని లండన్ హైకోర్టు 2019 అక్టోబరు 2న తీర్పిచ్చింది.