కుక్కలలో బ్రూసెల్లా జాడ

చూలు తొమ్మిది వారాలు నిలువవలసిన బీగిల్ కుక్కలు ఏడవ వారం దాటగానే ఈచుకుపోసాగినవి. జ్వరం లేదు, నలత లేదు. 1966లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలండ్ కార్మైకేల్ అందుకు కారణమైన సూక్ష్మజీవిని వేరుచేసెను. అదియే బ్రూసెల్లా కేనిస్; మనుష్యులకు కూడ సోకగలదు.

బ్రూసెల్లాను రక్తపరీక్షతో పట్టే ఉపాయం అప్పటికే పాతది. 1905లో మాల్టా ద్వీపంలో జమ్మిత్, మేకల రక్తరసాన్ని ఆ సూక్ష్మజీవులతో కలిపి, అవి ముద్దకట్టుట చూచి, చక్కగా పాలిచ్చే మేకలే మాల్టా జ్వరానికి నెలవని గుర్తించెను. పశువులకు వాడే ఆ పరీక్ష కుక్కల యెడ విఫలమైనది. ఏల? పశువుల బ్రూసెల్లా పైపొరపై పొడవైన చక్కెర గొలుసులుండును. పరీక్షలో ప్రతిరక్షకాలు ముఖ్యంగా పట్టుకొనునది వానినే. కుక్కల బ్రూసెల్లాకు అవి లేవు.

పోనీ, కుక్కల సూక్ష్మజీవినే పరీక్షకు వాడుదమన్న, అది రక్తరసం తగులకుండానే తనంతట ముద్దకట్టే రకం! 1974లో కార్మైకేల్, అతని సహచరుడు గొఱ్ఱెల బ్రూసెల్లాకు రంగువేసి గాజుపలకపై వాడిరి. దానికీ గొలుసులు లేవు. ఈ పరీక్ష సోకిన కుక్కను అరుదుగానే విడుచును గాని, సోకని దానిని కూడ పట్టును. అందుచేత రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూచి నిర్ధారింతురు. తొలి వారాలలో ప్రతిరక్షకాలు చాలినన్ని పుట్టవు గనుక, రోగం లేదని తేలిన కుక్కను కూడ కొన్ని వారాలకు మరల పరీక్షింతురు.