అవ్వ గుర్తుపట్టిన నడక

వీడియో నిడివి 40 సెకన్లు. కుందుర్పి దగ్గర ఒక పల్లె. బోరు ఎండిపోయిన చేను గట్టు మీద ఒకామె నడుచుకుంటూ వస్తుంది, వేపచెట్టు కింద ఆగుతుంది, అప్పుల గురించి నాలుగు మాటలు చెబుతుంది. భర్త చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ముఖం కనపడకూడదన్నది ఆమె షరతు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన మొత్తం వెయ్యి ఫ్రేములు. వెయ్యింటిలోనూ ఆమె ముఖం మీద బ్లర్ కూర్చోబెట్టాను. వేపకొమ్మ అడ్డం వచ్చిన చోట ట్రాకర్ దారి తప్పితే ఆ ముక్క మటుకు చేత్తో సరిచేశాను. పని శుభ్రంగా వచ్చిందనే అనుకున్నాను.

పండక్కి ఊరెళ్ళినప్పుడు ఫోన్‌లో మా అవ్వకి చూపించాను. అవ్వకి ఒక కంట్లో శుక్లం. ఐదారు సెకన్లు చూసి, "ఈయమ్మి ఫలానా వాళ్ళ కోడలు కాదేమిరా?" అంది.

"మొగమే కనపడలేదు కదవ్వా!"

"మొగం ఎవురు సూసినారబ్బీ? నడిచేది సూస్తే తెల్దా?"

అప్పటికి ఆ వీడియో ఇంకా బయటికి పోలేదు, అదొక్కటే అదృష్టం. కానీ ఆ రోజు నుంచీ ఈ బ్లర్ అనేది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరి కోసం పుట్టింది అని వెతుక్కుంటూ పోయాను. అలా పోగేసిందే ఈ వ్యాసం.

మన దగ్గర ఈ కథ కంప్యూటర్లతో మొదలవలేదు, చట్టంతో మొదలైంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తని కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఆమె పేరు పత్రికల్లో వచ్చింది, ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది, మహిళా ఉద్యమం గురించి చదివినవాళ్ళకి తెలుసు. ఇక్కడ మాత్రం రాయబుద్ధి కావడం లేదు. ఆ కేసూ, మహారాష్ట్రలోని మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ రేపిన ఆందోళన ఫలితంగా 1983లో శిక్షాస్మృతిని సవరించారు. అప్పుడు వచ్చి చేరిందే 228ఎ సెక్షన్. బాధితురాలి పేరు అచ్చువేస్తే రెండేళ్ళ దాకా జైలు. పేరుతో చట్టం ఆగలేదు. ఆమె ఎవరో తెలియజేసే "ఏ విషయమైనా" అంది. ఇప్పుడు అదే మాట భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ కింద ఉంది.

ఆ "ఏ విషయమైనా" అన్న మాటని టీవీ వచ్చాక మనం ముఖానికి కుదించేశాం. 2019 నవంబర్‌లో శంషాబాద్ ఘటన తర్వాత అసలు పేరు దేశమంతా హాష్‌ట్యాగ్‌గా తిరిగింది. సైబరాబాద్ పోలీసులు "దిశ" అని పిలవమన్నాక ఛానళ్ళు పేరు మార్చుకున్నాయి. కానీ అప్పటికే ఇల్లూ, బండీ, ఉద్యోగం, కుటుంబం అన్నీ తెర మీదికి వచ్చేశాయి. ఫొటో మీద ఒక మసక చుక్క పెడితే చట్టాన్ని పాటించేసినట్టేనా?

ఆ మసక ముఖంతో పాటు కదలడం నేర్చుకున్న కథ వేరే. ఫిల్ము రోజుల్లో ఫ్రేము ఫ్రేముకీ మరుగు వేయాలి. టీవీలో ముఖం మీద ఒక చుక్క పెట్టి చూపించేవారు. 1991లో ఫ్లోరిడాలో నడిచిన ఒక అత్యాచారం కేసు విచారణని అమెరికా మొత్తం టీవీలో చూసింది. సాక్ష్యం చెప్పిన స్త్రీ ముఖం ఉండాల్సిన చోట చూసినవాళ్ళకి గుర్తున్నది ఒక నీలి చుక్కే.

దానికి పదేళ్ళ ముందే, 1981లో, చుక్కని దానంతట అదే నడిపించే లెక్క వచ్చేసింది, వేరే పని కోసం. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ 1979లో మొదలైంది. దానికి తొలి డైరెక్టర్ మన రాయలసీమ మనిషే, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. క్యోటో నుంచి తకేవో కనాదే 1980లో అక్కడికి వచ్చారు. మరుసటి ఏడాది ఆయనా, బ్రూస్ లూకాస్ అనే విద్యార్థీ కలిసి ఒక చిన్న పేపర్ రాశారు. ముఖాలు దాచే ఆలోచన అందులో లేదు. రెండు కెమెరాలు తీసిన రెండు బొమ్మల్లో ఒకే వస్తువు ఎక్కడెక్కడుందో కనిపెట్టి, దూరం కొలవడం వాళ్ళ లక్ష్యం.

ఆ లెక్క మన భాషలో చెప్పుకుందాం. మొదటి బొమ్మలో ఒక చిన్న ముక్క తీసుకుంటాం. రెండో బొమ్మలో అది కొద్దిగా జరిగి ఉంటుంది, కానీ వెలుతురు పెద్దగా మారదు. ముక్కలో ఏ వైపు పోతే వెలుగు ఎంత పెరుగుతోందో, ఎంత తగ్గుతోందో తెలిస్తే, రెండు ముక్కల తేడాని బట్టి అది ఎటు ఎంత జరిగి ఉంటుందో అంచనా కట్టొచ్చు. ఆ అంచనా ప్రకారం జరిపి మళ్ళీ పోల్చు, మిగిలిన తేడాకి మళ్ళీ జరుపు. అంతే. రెండు కెమెరాల బదులు ఒకే కెమెరా తీసిన రెండు వరుస ఫ్రేములు పెడితే అదే ట్రాకింగ్.

చిక్కేమిటంటే, సున్నం కొట్టిన గోడ ముక్కని ఇస్తే అది ఎటు జరిగిందో లెక్కకి తెలియదు, ఎటు చూసినా ఒకటే తెలుపు. గీతని ఇస్తే ఆ గీత వెంబడే జారిపోతుంది. మూల కావాలి. 1994లో షి, తొమాసి అనే ఇద్దరు వెంటాడటానికి ఏ ఆనవాళ్ళు మంచివో తేల్చే పద్ధతి చెప్పారు. నా వీడియోలో ఆమె చీర అంచు మీది గళ్ళు ట్రాకర్‌కి చక్కగా దొరికాయి, ముఖం కన్నా బాగా. (ఈ మాట రాస్తుంటే ఇప్పుడు వెలిగింది: అవ్వకి కూడా ముందు దొరికింది ఆ గళ్ళేనేమో.)

ఇక హైదరాబాద్. 2009లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ నుంచి ప్రాచీ అగ్రవాల్, పి. జె. నారాయణన్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నారాయణన్ అంతకుముందు పిట్స్‌బర్గ్‌లో కనాదేతో పనిచేసినవారే. వీళ్ళు ఎత్తుకున్న పని ముఖాన్ని మించింది: వీడియోలో మనిషి ఎవరో తెలియకుండా మనిషినంతా దాచడం. ఫ్రేములన్నిటినీ జొన్నరొట్టెల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. దొంతర ఎత్తు అంటే కాలం. నడిచే మనిషి ఆ దొంతరలో కింది నుంచి పైకి పాకే ఒక సొరంగం. ఆ సొరంగాన్ని వెంటాడి, అంచులు కాస్త ఎక్కువే వదిలి, లోపలి ప్రతి గడినీ పక్క గడులతోనే కాక ముందూ వెనకా ఫ్రేముల్లోని గడులతో కూడా కలిపేశారు.

తర్వాత వాళ్ళు చేసిన పని నాకు ఇంకా నచ్చింది. మసక చేసిన వీడియోలని మనుషులకి చూపించి, వీళ్ళెవరో చెప్పమన్నారు. తెలిసినవాళ్ళయితే నడకని బట్టి పట్టేస్తున్నారు, దాన్ని దాచడం కష్టం అని తేలింది. మా అవ్వ ఆ పేపర్ చదవలేదు, అవసరం కూడా పడలేదు.

మసకని విప్పే సంగతి కూడా ఒకటుంది. 2007లో ఇంటర్నెట్‌లో సుడి తిప్పి చెరిపిన ఒక నేరస్తుడి ముఖాన్ని జర్మన్ పోలీసులు వెనక్కి తిప్పేశారు, ఇంటర్‌పోల్ ఆ బొమ్మని ప్రపంచానికి చూపింది. 2012లో యూట్యూబ్ ముఖాల బ్లర్‌ని ఒక బటన్ చేసి అందరి చేతికీ ఇచ్చింది. 2016 కల్లా అమెరికా పరిశోధకులు అలాంటి బ్లర్ వెనక ఉన్నది ఎవరో యంత్రానికి నేర్పి చెప్పించారు. నల్లరంగు పూసేస్తే ఆ గొడవ లేదు. అయినా ఆమె భయపడింది యంత్రాలకి కాదులెండి.

కుందుర్పిలో వానలు తప్పిన ఏడాదికల్లా కెమెరాలొస్తాయి. ఎండిన వేరుశనగ, తాళం వేసిన ఇళ్ళు, బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు, భర్త పోయిన ఆడవాళ్ళు. వాళ్ళ ముఖాలకి మసక వేస్తాం. హైదరాబాద్‌లో చూసేవాడికి ఆ ముఖం కనపడినా ఆమె ఎవరో తెలియదు. తెలిసేది వడ్డీకి డబ్బులిచ్చినవాడికి, అత్తగారి వైపు వాళ్ళకి, పక్కింటివాళ్ళకి. వాళ్ళకి ముఖంతో పనే లేదు. నా ఫ్రేములో ఆమె వెనకాల కోట కొండ కూడా పడింది. ఏ ఊరి వైపు నుంచి చూస్తే కొండ అలా కనపడుతుందో అక్కడ పిల్లల్ని అడిగినా చెబుతారు.

వెనక్కి వచ్చాక మళ్ళీ కూర్చున్నాను. కొండ తీసేశాను. నడక కత్తిరించాను. చీర రంగు మార్చాను. గొంతు మార్చాను. చేతులు మాత్రమే మిగిలాయి. చివరికి ఆమెకి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పాను, అవ్వ సంగతి కూడా. ఆమె ఒక్కటే అడిగింది.

"మా ఊర్లో కూడా సూస్తారా సార్?"

"చూస్తారమ్మా. ఫోన్లున్నాయి కదా అందరికీ."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల మేకల అరుపు వినపడుతోంది.

"అట్లయితే వద్దు సార్. తీసేయండి."

వెయ్యి ఫ్రేములూ తీసేశాను.