లాలీ వంశం: సర్కారు జిల్లాలు చేజారిన కథ

నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ 1948 దాకా నిజాం రాజ్యంలోనే ఉంది. మచిలీపట్నం మాత్రం 1759లోనే ఇంగ్లీషువాళ్ల పాలైంది. తెలుగువాళ్లు ఇలా రెండు ఏలుబడుల కింద చీలిపోవడంలో ఒక ఐరిష్ వంశానికీ పాత్ర ఉంది.

లాలీలది ఐర్లండ్‌లోని గాల్వే ప్రాంతం. గద్దె దిగిపోయిన క్యాథలిక్ రాజు రెండో జేమ్స్ పక్షాన పోరాడి ఓడిన జెరార్డ్ లాలీ, ఫ్రాన్సుకు వలసపోయి అక్కడి సైన్యంలో చేరాడు. అతనికీ, ఒక ఫ్రెంచి ప్రభు కుటుంబపు ఆడపడుచుకూ 1702లో పుట్టినవాడు థామస్ ఆర్థర్ లాలీ. 1745లో ఫాంటెనోయ్ యుద్ధంలో ఐరిష్ దళాన్ని నడిపి, ఇంగ్లీషు సేనను ఓడించడంలో పేరు తెచ్చుకున్నాడు.

ఏడేళ్ల యుద్ధం నడుస్తుండగా 1758 ఏప్రిల్‌లో ఆయన ఫ్రెంచి సేనానిగా పుదుచ్చేరిలో దిగాడు. ఇంగ్లీషువాళ్ల మీద పగ ఎంతో, ఈ దేశం తీరుతెన్నుల మీద అవగాహన అంత తక్కువ. కడలూరు దగ్గరి కోట ముట్టడికి ఎడ్లు చాలకపోతే, కులం చూడకుండా జనం చేత బళ్లు లాగించి అందరికీ కంటగింపయ్యాడు. మద్రాసు పట్టాలన్న ఆత్రంలో, హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్ దర్బారును గుప్పిట పెట్టుకున్న ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలిపించాడు.

అదే కొంప ముంచింది. ఫ్రెంచివాళ్ల కింద ఉన్న ఉత్తర సర్కారులు, అంటే తీరాంధ్ర జిల్లాలు, బుస్సీకి బదులు కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి అధికారి చేతికి వచ్చాయి. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టాడు. సలాబత్ జంగ్ వెంటనే ఇంగ్లీషువాళ్లతో ఒప్పందానికి దిగాడు.

లాలీకి మద్రాసూ దక్కలేదు. 1760లో వందవాసిలో ఆయన్ను ఓడించిన ఐర్ కూట్ కూడా ఐర్లండ్‌వాడే. 1761లో పుదుచ్చేరి అప్పగించాక, పారిస్‌లో ఆయన మీద రాజద్రోహం మోపి 1766 మే 9న తల నరికారు. తన తండ్రి ఎవరో కొడుకు ట్రోఫిమ్‌కు ఆ రోజే తెలిసిందంటారు. వోల్టేర్ అండతో అతను న్యాయపోరాటం చేశాక, 1778లో రాజు కౌన్సిలు ఆ తీర్పును కొట్టేసింది.

లాలీ ద్రోహి కాడు. దూరదృష్టి లేని సేనాని. ఆయన తల తెగిన ఏడాదే, నవంబరులో, సలాబత్ జంగ్ తర్వాత గద్దెనెక్కిన నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేస్తూ ఒప్పందం రాసిచ్చాడు.