స్థలాకృతి పటంలో రైతుపల్లె: ఉత్తరాంధ్ర వ్యవసాయ చరిత్రకు ఒక ఆధారం

1. ఉపోద్ఘాతం:

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వ్యవసాయ చరిత్రకు శాసనాలు, జమీందారీ దస్తావేజులతో పాటు సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు (టోపోషీట్లు) కూడా ఆధారాలే. అంగుళానికి ఒక మైలు కొలతతో తయారైన ఈ పటాలలో విజయనగరం 65 ఎన్/8లోను, శ్రీకాకుళం 65 ఎన్/15లోను ఉన్నాయి. ఇవి రైతుపల్లె గురించి ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. పటంలో కనిపించే పల్లె:

చెరువులు, వాటి గట్లు, కొండల నుండి దిగే గెడ్డలు, బండిదారులు పటంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఊరిపేర్లలోని 'వలస', 'పేట', 'పాలెం' వంటి ఉత్తరపదాలు జనావాసాల ఏర్పాటును సూచిస్తాయి. అయితే పాత ఆంగ్ల పత్రాలలో శ్రీకాకుళం 'చికాకోల్'గా, నాగావళి 'లాంగుల్యా'గా కనిపిస్తాయి. ఆమదాలవలసలోని రైల్వేస్టేషనుకు నాడు 'చికాకోల్ రోడ్' అని పేరు. నేడది 'శ్రీకాకుళం రోడ్'. జిల్లా పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1936 వరకు శ్రీకాకుళం గంజాం జిల్లాలోది. తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం ప్రత్యేక జిల్లాలయ్యాయి.

3. పటంలో కనిపించని పొలం:

చదరపు మైలుకు 640 ఎకరాలు. కనుక ఈ కొలతలో ఎకరం పొలం పటంపై సుమారు ఒక చదరపు మిల్లీమీటరు మాత్రమే. సన్నకారు రైతు మడికి అక్కడ గట్టు గీయడం సాధ్యం కాదు. రంగుల పటాలలో పల్లపు వరికీ, మెట్ట చోడికీ ఒకే పసుపురంగు. భూమిపై హక్కు ఎవరిదో కూడా తెలియదు.

దీనికి చారిత్రక నేపథ్యం ఉంది. 1802లో లాంబ్టన్ మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. అదే సంవత్సరం ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు విధానం అమలులోకి వచ్చింది. రైతుల పొలాలను ఒక్కొక్కటిగా కొలవకుండానే జమీందారులు చెల్లించవలసిన పేష్కషు నిర్ణయమైంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను రైత్వారీగా మార్చి, వాటికి సర్వే, సెటిల్‌మెంటులను నిర్దేశించింది.

4. ముగింపు:

చెరువు ఎంత మేర విస్తరించి ఉండేదో స్థలాకృతి పటం సాక్ష్యమిస్తుంది; ఆ నీరు ముందుగా ఎవరి మడికి పారేదో చెప్పదు. నేటి చెరువుల ఆక్రమణలను నిర్ధారించడానికి మొదటిది ఉపకరిస్తుంది. రెండవది తెలియాలంటే గ్రామపటాలను, క్షేత్రకొలతల పుస్తకాలను, వృద్ధరైతుల మౌఖిక సాక్ష్యాలను పటంతో కలిపి చదవాలి. పటాన్ని మాత్రమే ఆధారంగా తీసుకుంటే, సొంత భూమి లేక పాలుకు సాగుచేసిన రైతు పటంలో లేనట్లే చరిత్రలోనూ లేకుండా పోతాడు.