హెరాల్డు కారు - బెజవాడ మేస్త్రీలు



ఇంగ్లండులో కట్టబడిన ట్రయంఫు, ఎం.జి. మొదలగు చిన్న పరుగు కార్లు కృష్ణా డెల్టాలో సామాన్య గృహస్థునకు దుర్లభములుగనే యుండెను. స్వాతంత్ర్యానంతరము విదేశీ వాహనముల దిగుమతిపై పడిన ఆంక్షలే దానికి ముఖ్యకారణము. అయినను వానికి దాయాది యగు బండి యొకటి మన కాలువగట్లమీద చిరకాలము తిరిగినది. అది స్టాండర్డు హెరాల్డు. 1968 నాటి అట్టి బండి నొకదానిని 12 ఏండ్లుగా పోషించుచున్నవాడను గావున నా మాటలలో కొంత పక్షపాతము వినబడవచ్చును.

ట్రయంఫు హెరాల్డు ఇంగ్లండున 1959లో వెలువడెను. దాని రూపము ఇటలీ దేశస్థుడగు మికెలొట్టి కల్పించినది. అప్పటికి పలు కంపెనీలు పైతొడుగును, చట్రమును కలిపి ఏకముగా కట్టుచుండగా, హెరాల్డు మాత్రము పాతపద్ధతిని వేరు చట్రముతో వచ్చినది. ఇది పాతదనముపై మోజుచేత గాదు. ఆ కంపెనీకి రేకుతొడుగులు చేసి యిచ్చు కార్ఖానాను 1953లో పోటీ కంపెనీ కొనివేసెను. అందుచే తొడుగును ముక్కలుగా చేయించి బోల్టులతో బిగింపవలసి వచ్చెను. ఆ యిబ్బందియే తరువాత వరమైనది. 1962లో ఆ చట్రమునే కుఱుచచేసి, సవరించి, స్పిట్‌ఫైరు అను రెండు సీట్ల పరుగు కారును కట్టిరి. మన హెరాల్డు 1961 నుండి మద్రాసు చెంత వండలూరులో తయారయ్యెను.

బోల్టుల బండి యగుటచే మన మేస్త్రీల కిది మిక్కిలి అనుకూలము. మడ్గార్డులతో సహా ముందుభాగమంతయు ఒక్క మూతవలె ముందునకు వాలును. మేస్త్రీ టైరుమీద కూర్చుండి తీరికగా యంత్రమును బాగుచేయవచ్చును. అయితే ప్రతి బోల్టు సందును నీటికి నిలయమే. బందరు ఉప్పుగాలియు, కాలువగట్ల బురదయు చేరి అడుగుచట్రమును పొరలు పొరలుగా తినివేయును.

అంతకన్న అపాయకరమైన దింకొకటి కలదు. ముందు చక్రమును మోయు నిలువు కడ్డీ క్రింది కొన ఒక కంచు మరలో తిరుగును. ఆ మరకు చిక్కని గేరు ఆయిలు పోయవలెనని తయారీదారుల ఆదేశము. షెడ్లలో అలవాటు చొప్పున గ్రీజు కొట్టుదురు. గ్రీజు గట్టిపడును, మర యెండి తుప్పుపట్టును, ఒకనాడు మలుపులో కడ్డీ విరిగి చక్రము ప్రక్కకు ఒరిగిపోవును. నా బండికి ఈ గతియే పట్టినది. ఉయ్యూరు దగ్గర ధాన్యపు బండి వెనుక మెల్లగా పోవుచుండుటచే బ్రతికితిని.

లారీలకు పేరొందిన బెజవాడలో 1960 దశకమున ఆటోనగరు వెలసినది. లారీ బాడీలు కట్టిన చేతులే మా కార్ల రేకులను సుత్తితో సాగగొట్టినవి. 1973 తరువాత పెట్రోలు ధర పెరుగగా పెక్కు అంబాసిడరు కార్లలో పెట్రోలు యంత్రమును తీసి డీసెలు యంత్రము పెట్టిరి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు నిండిన బండ్లకు వింటేజి గుర్తింపు నేర్పరచినది. చట్రము, తొడుగు, యంత్రము మూలరూపమున నుండవలెననియు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప అట్టి బండి నిత్యము రోడ్డెక్కరాదనియు నిబంధన. డీసెలు యంత్రము పెట్టిన బండ్లకు ఆ గౌరవము లేదు. ఇది నాకు న్యాయముగా తోచదు. ఆ మార్పే లేకున్న అవి యేనాడో తుక్కు కొట్లకు పోయియుండెడివి కావా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరును ముంచెను. అచ్చట షెడ్డులోనున్న నా బండి నాలుగు దినములు నీట నుండెను. యంత్రమును విప్పగా సిలిండర్లలో ఒండ్రు గట్టిపడి యున్నది. ఒక షెడ్డు యజమాని పాతదానిని పారవేసి క్రొత్త చిన్నకారు యంత్రము పెట్టుమని, ఖర్చు సగమని, లెక్క వేసి చూపెను. ఆయన లెక్క సరియైనదే. నేను మాత్రము ఒప్పుకొనలేదు. ఆ 948 సి.సి. యంత్రము పోయినచో స్పిట్‌ఫైరుతో దాయాదిత్వము తెగును, గుర్తింపును పోవును.

డెబ్బది దాటిన మేస్త్రీగారొకరు పనికి పూనుకొనిరి. క్రాంకు షాఫ్టు సానపట్టించి, డైనమో మరల చుట్టించిరి. మొన్నటి సంక్రాంతికి యంత్రము పలికినది, కాని పొగ మెండు. మేస్త్రీగారు చెవి యొగ్గి విని, "మూడవ సిలిండరు ఇంకా మాట వినుట లేదు, బాబూ" అనిరి. మరునాడే హెడ్డు మరల విప్పిరి.