లోపములుగల తల్లి: జపాను బొమ్మల కథలు

తల్లిని దేవతగా కొలుచుట మనకు మాత్రమే చెల్లిన అలవాటు గాదు. మెయిజీ కాలము నుండియు జపాను పాఠశాలలు ‘మంచి భార్య, వివేకవతియగు తల్లి’ అను ఆదర్శమును బాలికలకు నూరిపోసినవి. ఆ దేశము యుద్ధములో నోడి తిండికి కటకటలాడుచుండగా, 1946 ఏప్రిలులో ఫుకుఓకా నగరపు సాయంకాల పత్రికలో, 26 ఏండ్ల హసెగావా మాచికో ‘సజాయె-సాన్’ అను నాలుగు గడుల బొమ్మల కథను ఆరంభించెను.

సజాయెకు తొందరపాటు మెండు, మతిమరుపు మరింత మెండు. పెండ్లియై బిడ్డతల్లి యైన పిమ్మటను ఆమె మారలేదు. భర్త మాసువో తన ఇంటిపేరు విడువకయే అత్తవారింట కాపురముండును; ఇల్లరికము నెరిగిన మనకు ఇది చోద్యము గాదు. ఈ కథ అసాహీ పత్రికకు చేరి 1974 వరకు సాగినది. 1994లో యోమియూరి పత్రికలో కెరా ఎయికో ఆరంభించిన ‘అతాషిన్‌చి’లో తల్లికి పేరే లేదు, ఆమె ఒట్టి ‘అమ్మ’. పిసినారి, మొండిమనిషి. కూతురు ఆమెను చూచి సిగ్గుపడును. అయినను ఇల్లంతయు ఆమె చుట్టునే తిరుగును.

దేవతకు అలసట యుండదని తలంతుము గనుకనే ఆమెకు సాయపడము. పొరుగు భాషల నడుమ మన తల్లులు వీథిలో నొక భాష, వంటింట నొక భాష పలుకుచు, బిడ్డల నోట తెలుగును నిలుపు భారము మోసిరి. ఎక్కడనేని తప్పినచో నిందించితిమే గాని, ఆ బరువునకు భుజము పట్టితిమా? సజాయెను చూచి జపానువారు నవ్విన నవ్వులో నింద లేదు. ఆ నవ్వును మనమును నేర్వవలెను.